సుత్తి, బుడగలు, ఒక అంకె

రెండేళ్ల క్రితం మా ఇంటి పక్క స్థలంలో అపార్టుమెంటు మొదలెట్టారు. పునాదుల పని. పగలంతా దబ్ దబ్ మని ఒకటే మోత. పగలు నేనెలాగూ ఆఫీసులో ఉంటాను కదా అని ఊరుకున్నాను. ఓ వారం పోయాక రాత్రి పదకొండింటికి కూడా అందుకున్నారు. నాకేమో ఆ టైములోనే అమెరికా వాళ్లతో కాల్సు. మీ దగ్గర యుద్ధమేమన్నా జరుగుతోందా అని అవతల్నుంచి పరాచికాలు. మేస్త్రీని అడిగితే "పర్మిషనుంది సార్" అన్నాడు. ఫిర్యాదు చేద్దామని వెళ్తే అక్కడి ఉద్యోగి నన్ను రెండే రెండు ప్రశ్నలడిగాడు. "ఎన్ని డెసిబెల్సు? ఎక్కడ నుంచుని కొలిచారు?"

నా దగ్గర రెంటికీ జవాబు లేదు. నోరు మూసుకుని ఇంటికొచ్చేశాను. నివాస ప్రాంతాల్లో రాత్రిళ్లు మోత పెట్టే నిర్మాణ యంత్రాలు వాడకూడదని 2010లోనే మన శబ్దకాలుష్య నియమాల్లో చేర్చారనీ, దానికి డెసిబెల్సుతో పనే లేదనీ తర్వాతెప్పుడో తెలిసింది. అప్పటికి వాళ్ల పునాదులు పూర్తయి మూడో అంతస్తు లేచింది లెండి.

ఆ ఉద్యోగి నన్ను వదిలించుకోడానికే అలా అడిగి ఉండొచ్చు. కానీ ఆ రెండు ప్రశ్నలూ నన్ను పట్టుకున్నాయి. ఎంత? ఎక్కడ కొలిచావు? శబ్దాన్ని చట్టంతో అదుపు చెయ్యాలంటే ఈ రెండూ తేలాల్సిందే. ఇది మనుషుల సంగతి. మరి ఫిర్యాదు చెయ్యలేని వాళ్ల సంగతి? సముద్రంలో పునాదులు కొడుతుంటే అక్కడుండే డాల్ఫిన్లూ, తిమింగలాలూ, పోర్పస్సులూ ఏ ఆఫీసుకెళ్తాయి? వాటి తరఫున ఈ రెండు ప్రశ్నలకీ జవాబు రాయడానికి మనుషులకి నలభై ఏళ్లు పట్టింది. ఆ కథే ఈ టపా. కాస్త పొడుగే, ఓపిక పట్టండి.

ముందు సుత్తి గురించి. సముద్రంలో ఏదన్నా కట్టాలంటే, అది రేవు గానీ వంతెన గానీ గాలిమర గానీ, అడుగున పాతుకునే కాలు కావాలి. ఇనపగొట్టాన్ని నిలబెట్టి, దాని నెత్తిన పెద్ద హైడ్రాలిక్ సుత్తితో మోది ఇసకలోకి దించుతారు. దీన్నే పైలు కొట్టడం అంటారు. డెన్మార్కు వాళ్లు 2002లో హార్న్స్ రెవ్ అనే చోట 80 గాలిమరలు పెట్టినప్పుడు ఆ గొట్టాల వ్యాసం నాలుగు మీటర్లు. ఇప్పుడు వాడేవి ఎనిమిది మీటర్లు దాటిపోయాయి. అంటే మన డబుల్ బెడ్రూం ఫ్లాటులో హాలు కన్నా వెడల్పన్నమాట. ఒక్కోదానికి కొన్ని వేల దెబ్బలు. ప్రతి దెబ్బకీ గొట్టం మొత్తం గంటలా మోగుతుంది.

నీళ్లలో శబ్దం సెకనుకి దాదాపు 1500 మీటర్లు పోతుంది. గాల్లో కన్నా నాలుగు రెట్లు పైనే. పైగా తొందరగా చావదు. నీళ్లలో వెలుతురు కొంత దూరం పోయేసరికి ఆరిపోతుంది, శబ్దం మాత్రం కిలోమీటర్ల కొద్దీ పోతూనే ఉంటుంది. అందుకే సముద్రపు క్షీరదాలు కళ్ల కన్నా చెవుల్నే నమ్ముకున్నాయి.

ఇక్కడో తిరకాసుంది, ముందే చెప్పేస్తాను. నీళ్లలో డెసిబెల్సూ, గాల్లో డెసిబెల్సూ ఒకటి కావు. గాల్లో లెక్కకి ఆధారం 20 మైక్రోపాస్కల్స్, నీళ్లలో 1 మైక్రోపాస్కల్. దానికి తోడు నీటి సాంద్రత వేరు. రెండూ కలిపితే, ఒకే తీవ్రత ఉన్న శబ్దానికి నీళ్లలో అంకె సుమారు 62 ఎక్కువొస్తుంది. కాబట్టి నీళ్లలో 160 అనగానే జెట్ విమానాన్ని గుర్తు చేసుకుని గుండెలు బాదుకోకండి. అలాగని తేలిగ్గానూ తీసుకోకండి. పది డెసిబెల్సు పెరిగితే శక్తి పది రెట్లు పెరిగినట్టు. ఈ ఒక్కటీ గుర్తుంటే చాలు, మిగతా కథకి ఇబ్బంది లేదు.

ఇక చరిత్రకొద్దాం. 1956లో కూస్తో దొరగారు తీసిన సముద్రం సినిమా పేరేమిటో తెలుసా? నిశ్శబ్ద ప్రపంచం అని. ఆ రోజుల్లో సముద్రం గురించి చాలామంది అభిప్రాయం అదే. 1960లో కెన్ నారిస్ అనే శాస్త్రవేత్త, ఆయన జట్టు, ఓ డాల్ఫిన్ కళ్లకి రబ్బరు గంతలు కట్టి కొలనులో వదిలారు. అది దేనికీ తగలకుండా హాయిగా తిరిగేసింది. చెవులతోనే చూస్తోందని తేలిపోయింది. 1971లో రోజర్ పేన్, స్కాట్ మెక్‌వే ఇద్దరూ హంప్‌బ్యాక్ తిమింగలాల కూతల్లో ఒక వరస ఉందనీ, అవి పాటలేననీ రాశారు. నిశ్శబ్ద ప్రపంచం కాస్తా కచేరీ అయి కూర్చుంది.

ఆ మరుసటేడు, 1972లో, రెండు దేశాల్లో రెండు చట్టాలొచ్చాయి. ఒకటి మన వన్యప్రాణి సంరక్షణ చట్టం, సెప్టెంబరులో. రెండోది అమెరికా వాళ్ల సముద్ర క్షీరదాల రక్షణ చట్టం, అక్టోబరులో. రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక తేడా కొట్టొచ్చినట్టు కనపడుతుంది. మన చట్టంలో వేట అంటే చంపడం, పట్టుకోవడం, విషం పెట్టడం, ఉచ్చు వెయ్యడం, వాటికోసం తరమడం. అంటే పులినీ జింకనీ దృష్టిలో పెట్టుకుని రాసుకున్నది. అమెరికా చట్టంలో వీటి పక్కన ఇంకో మాట ఉంది. వేధించడం.

ఈ ఒక్క మాట దగ్గరే కథ మలుపు తిరిగింది. జంతువుని ముట్టుకోకుండా, చూడకుండా, పది కిలోమీటర్ల దూరం నుంచి కూడా వేధించొచ్చు, శబ్దంతో. కానీ వేధింపు అంటే ఏమిటో ఆ చట్టం ఇరవై రెండేళ్ల దాకా చెప్పలేదు! 1994లో సవరించి రెండు రకాలుగా విడగొట్టారు. గాయం చేసే అవకాశమున్నది ఒకటి, తిండీ తిప్పలూ పిల్లల పెంపకం లాంటి రోజువారీ పనుల్ని చెడగొట్టేది ఇంకోటి. సరే, ఎంత శబ్దమైతే చెడగొట్టినట్టు? మళ్లీ మా ఆఫీసు ఉద్యోగి ప్రశ్నే.

దీనికి జవాబు చాలామటుకు 1983, 84ల్లో కాలిఫోర్నియా తీరంలో చేసిన ప్రయోగాల నుంచి వచ్చింది. వలస పోతున్న గ్రే తిమింగలాలకి చమురు కంపెనీల యంత్రాల చప్పుళ్లు వినిపించి, ఏ స్థాయి దగ్గర పక్కకి తప్పుకుంటున్నాయో చూశారు. ఆగకుండా వచ్చే మోతకి 120, దెబ్బదెబ్బగా వచ్చే మోతకి 160 అని అమెరికా అధికారులు దశాబ్దాల పాటు వాడిన అంకెల వెనక ఉన్నవి ప్రధానంగా ఇవే. పెద్ద తిమింగలం మీద చేసిన కొలతని చిన్న డాల్ఫిన్ దాకా అన్నిటికీ తొడిగేశారు. లావాటి వాడి కొలతలతో ఇంటిల్లిపాదికీ చొక్కాలు కుట్టించినట్టు. అయినా ఏమీ లేనిదానికన్నా నయమే.

అయితే అమెరికా పద్ధతిలో ఒక విషయం గమనించండి. అక్కడ అంకె దాటితే పని ఆపమని కాదు. అంకె దాటే ప్రాంతంలో ఎన్ని జంతువులుండొచ్చో లెక్కగట్టి, అన్నిటిని వేధించడానికి ముందుగా అనుమతి తీసుకోవాలి. పరిశీలకుల్ని పెట్టాలి, జంతువు మరీ దగ్గరకొస్తే ఆపాలి. అంటే అదుపు చేసేది శబ్దాన్ని కాదు, ఎన్ని వేధింపులన్న లెక్కని.

బ్రిటన్ వాళ్ల దారి వేరు. అక్కడి ప్రకృతి సంరక్షణ సంఘం 1995లో చమురు సర్వేలకి మార్గదర్శకాలు పెట్టింది, 2010లో పైళ్లకి విడిగా రాసింది. చుట్టూ కనీసం 500 మీటర్ల వరకూ ఓ అరగంట సేపు చూడాలి. ఏమీ కనపడకపోతే మొదలెట్టొచ్చు. మొదట ఇరవై నిమిషాలైనా మెల్లగా కొట్టి, తర్వాత పెంచాలి. జంతువులు చప్పుడు విని వెళ్లిపోతాయని. మర్యాదగానే ఉంది. కానీ ఎక్కువ సమయం నీళ్ల కింద గడిపే జీవాన్ని, అలల మధ్య, పొగమంచులో, పడవ మీద నుంచుని చూడ్డం ఎంతవరకూ కుదురుతుంది? పైగా ఆ 500 మీటర్లు దాటితే ఏం జరుగుతోందో అడిగిన వాళ్లు లేరు.

ఇప్పుడు హాంకాంగ్ వెళ్దాం. ఈ కథలో బుడగలు పుట్టిన ఊరు, నాకు బాగా నచ్చిన భాగమూ ఇదే. 1990ల్లో అక్కడ చెక్‌లాప్‌కాక్ దగ్గర సముద్రం పూడ్చి కొత్త విమానాశ్రయం కడుతున్నారు. విమానాలకి ఇంధనం దింపుకోడానికి పక్కనే షా చౌ అనే చిన్న దీవి దగ్గర ఒక రేవు కావాల్సొచ్చింది. తీరా చూస్తే ఆ నీళ్లు తెల్ల డాల్ఫిన్లు తిరిగే చోటు. ఈ హంప్‌బ్యాక్ డాల్ఫిన్ల జాతుల వాళ్లు మన తీరాల్లో కూడా ఉన్నారు. పుట్టినప్పుడు బూడిదరంగు, పెద్దయ్యే కొద్దీ అక్కడివి గులాబీ తెలుపుకి తిరుగుతాయి.

1996లో అక్కడ పైళ్లు కొట్టేటప్పుడు ఒక చిట్కా ప్రయత్నించారు. రబ్బరు గొట్టానికి చిల్లులు పొడిచి, పైలు చుట్టూ సముద్రం అడుగున పరిచి, కంప్రెసరుతో గాలి ఊదారు. చుట్టూ బుడగల తెర లేచింది. నీళ్లకీ గాలికీ సాంద్రతలో బోలెడు తేడా కాబట్టి, శబ్దం ఆ బుడగల్ని తాకి కొంత వెనక్కి తిరుగుతుంది, కొంత అక్కడే ఆరిపోతుంది. వాన పడేటప్పుడు పక్కింటి టీవీ వినపడకపోవడం లాంటిది కాదు ఇది, నిజంగానే గోడ కట్టడం. గాలితో గోడ.

బెర్న్డ్ వూర్సిగ్, ఇంకో ఇద్దరు కలిసి ఈ ప్రయోగం సంగతి 2000లో ప్రచురించారు. 250, 500, 1000 మీటర్ల దూరాల్లో కొలిచారు. మొత్తం శబ్దం మూడు నుంచి అయిదు డెసిబెల్సు తగ్గింది. ఇంతేనా అనిపిస్తుంది కానీ శక్తి లెక్కన సగానికి సగం పోయినట్టే. డాల్ఫిన్లు పారిపోలేదు, కానీ సుత్తి పడుతున్నంత సేపూ వేగంగా ఈదాయని కూడా నిజాయితీగా రాశారు. దెబ్బ తగ్గింది, ఇబ్బంది పోలేదు. పనులు జరిగిన ఏడాదే, 1996 నవంబరులో, ఆ చుట్టుపక్కల నీళ్లని సముద్ర పార్కుగా ప్రకటించారు.

అంటే 2000 నాటికి సాధనం ఉంది. వాడమనే వాడు లేడు. మనలో ఎవరన్నా ఓపెన్ సోర్సులో ఒక మంచి లైబ్రరీ రాసి పెట్టారనుకోండి. క్లయింటు అడిగే దాకా ఎవడూ దాని మొహం చూడడు. అలా ఉండిపోయింది.

అడిగిన క్లయింటు జర్మనీ.

ఉత్తర సముద్రంలో హార్బర్ పోర్పస్ అని ఒకటుంటుంది. డాల్ఫిన్‌కి చిన్న తమ్ముడిలా, మీటరున్నర పొడవు. చల్లటి నీళ్లలో చిన్న ఒళ్లు, అందుకని వేడి నిలుపుకోడానికి పొద్దస్తమానం తింటూనే ఉండాలి. 2016లో డెన్మార్కు దగ్గర కొన్నిటికి చిన్న రికార్డర్లు అతికించి చూస్తే, గంటకి 550 దాకా చిన్న చేపల మీద పడుతున్నట్టు తేలింది. వేటంతా చెవులతోనే. అలాంటి జీవాన్ని ఒక రోజు తిండి దగ్గర్నుంచి తరిమేస్తే ఏమవుతుందో ఊహించుకోండి.

ఎంత దూరం తరుముతోంది మరి? హార్న్స్ రెవ్‌లో 2002లో పైళ్లు కొట్టినప్పటి రికార్డింగులు పరిశీలిస్తే, 20 కిలోమీటర్ల అవతల కూడా పోర్పస్సుల చప్పుళ్లు తగ్గిపోయాయి. 2008లో పక్కనే రెండో గాలిమరల తోట కట్టినప్పుడు దాదాపు 18 కిలోమీటర్ల దాకా ప్రభావం కనపడింది. దగ్గర్లో అయితే దెబ్బలు ఆగాక కూడా ఒకటి నుంచి మూడు రోజులు తిరిగి రాలేదు. బ్రిటన్ వాడి 500 మీటర్లు ఎక్కడ, 18 కిలోమీటర్లెక్కడ!

యూరపులో 1992 నాటి ఆవాసాల ఆదేశం ప్రకారం తిమింగలం జాతులన్నిటికీ గట్టి రక్షణ ఉంది. కావాలని గాయపరచకూడదు, ఇబ్బంది పెట్టకూడదు. జర్మనీకేమో గాలి కరెంటు కావాలి. అణువిద్యుత్తు వద్దనుకున్న దేశం అది. ఇక్కడ విలన్లెవరూ లేరు, అదే చిక్కు. బొగ్గు మానేసి గాలిమరలు పెట్టేవాడూ మంచివాడే, పోర్పస్సుల్ని కాపాడాలనేవాడూ మంచివాడే. ఇద్దరు మంచివాళ్ల తగువు తీర్చడం అన్నిటికన్నా కష్టం.

జర్మన్లు దీన్ని ఇంజనీర్ల పద్ధతిలో తీర్చారు. పైలు నుంచి 750 మీటర్ల దూరంలో, ఒక్కో దెబ్బ మోసుకొచ్చే శబ్దశక్తి 160 డెసిబెల్సు దాటకూడదు, గరిష్ఠ పీడనం 190 దాటకూడదు. అంతే. అమెరికా వాళ్ల 160 వేరు, ఇది వేరు సుమా, కొలిచే పద్ధతులు వేరు. యాదృచ్ఛికంగా అంకె కలిసింది.

ఈ 160 ఎక్కణ్నుంచి వచ్చింది? డెన్మార్కులోని కెర్టెమిండె అనే ఊళ్లో మనుషుల దగ్గర పెరుగుతున్న ఒక పోర్పస్ ఉండేది. క్లాస్ లూకె అనే ఆయనా, ఆయన సహచరులూ దానికి దెబ్బలాంటి శబ్దాలు వినిపించి, ఎప్పుడు వినికిడి తాత్కాలికంగా మందగిస్తుందో కొలిచారు. 2009లో ప్రచురించిన అంకె 164.3. జర్మనీ పెట్టిన 160 దానికి కాస్త లోపల ఉంది. ఒకే ఒక్క జంతువు! శాంపిల్ సైజు ఒకటి! మన రివ్యూ మీటింగులో ఇలాంటి డేటా పెడితే బయటికి గెంటేస్తారు. కానీ ఆలోచించండి, రెండో పోర్పస్ దొరికే దాకా, పది మంది ప్రొఫెసర్లు ఒప్పుకునే దాకా ఆగుంటే ఈలోపు ఎన్ని వేల పైళ్లు దిగేవో. ఉన్నదాంతో గీత గీశారు, తర్వాత దిద్దుకోవచ్చులే అని.

సాగర వ్యవహారాలు చూసే జర్మన్ ఫెడరల్ సంస్థ 2000ల చివరికల్లా ఈ పరిమితిని అనుమతి పత్రాల్లో షరతుగా రాసేసింది. తమాషా ఏమిటంటే, అప్పటికి దాన్ని అందుకోగల సాధనం ఏదీ పెద్ద సముద్రంలో సిద్ధంగా లేదు. ఏ అడ్డూ లేకుండా కొడితే 750 మీటర్ల దగ్గర 170 నుంచి 180 దాకా వస్తుంది. దాన్ని 160కి దించాలంటే శక్తిని పది నుంచి వంద రెట్లు తగ్గించాలి. హాంకాంగ్‌లో నీళ్ల లోతు ఆరు నుంచి ఎనిమిది మీటర్లు. ఇక్కడ ముప్ఫై, నలభై. పైగా ప్రవాహాలు బుడగల్ని పక్కకి ఈడ్చుకుపోతాయి. బోర్కుమ్ దీవికి ఉత్తరాన జర్మనీ మొదటి గాలిమరల తోట అల్ఫా వెంటుస్ 2009లో కట్టినప్పుడు 160 దాటింది. ఖర్చు, ఆలస్యం అని అభ్యంతరాలు మామూలే.

మనకి బాగా తెలిసిన సీనే ఇది. క్లయింటు "పేజీ రెండు సెకన్లలో తెరుచుకోవాలి" అని రాస్తాడు. మనం "అసాధ్యం" అంటాం. వాడు అంకె మార్చడు. ఆర్నెల్ల తర్వాత ఎలాగో తెరుచుకుంటుంది. అదే వాడు "వీలైనంత త్వరగా తెరుచుకోవాలి" అని రాసి ఉంటే? ఈపాటికి కూడా గుండ్రంగా తిరుగుతూనే ఉండేది.

జర్మనీ అంకె మార్చలేదు. అయితే గాలికీ వదిలెయ్యలేదు. ప్రభుత్వమే పరిశోధనకి డబ్బిచ్చింది. 2011లో బోర్కుమ్ వెస్ట్ 2 అనే చోట పెద్ద బుడగల తెరని అసలు పనిలోనే వాడి పరీక్షించారు. చిల్లుల గొట్టాన్ని పైలు చుట్టూ పెద్ద వలయంగా పరుస్తారు, పక్కన ఓడ మీద కంప్రెసర్లు. తర్వాత ఒకటి చాలకపోతే రెండు వలయాలు. 2013లో డాన్‌టిస్క్ దగ్గర కొలిస్తే ఒక్కో తెర విడిగా 7 నుంచి 10 డెసిబెల్సు, రెండూ కలిపి 12 తగ్గించాయి. ఇంకా రకరకాలు వచ్చాయి. పైలు చుట్టూ ఇంకో ఇనప తొడుగు, నురగ ఉండలు కట్టిన వల. 2010ల మధ్యకొచ్చేసరికి 160 అందుకోవడం మామూలు పనైపోయింది. బుడగల తెరలు వెయ్యడం ఒక వ్యాపారమే అయింది. అసాధ్యం అన్న మాట ఎవరికీ గుర్తు లేదు.

ఇంకో మంచి పని చేశారు. ప్రతి పైలు దగ్గరా కొలతలు తీసి ప్రభుత్వానికి ఇవ్వాల్సిందే. అవన్నీ ఒక జాతీయ డేటాబేసులోకి పోతాయి. కొలిచే పద్ధతి ఎవరిష్టం వారిది కాకుండా 2017లో అంతర్జాతీయ ప్రమాణం కూడా వచ్చింది. ఎంత, ఎక్కడ అన్న రెండు ప్రశ్నలకీ ఇప్పుడు కాయితం మీద జవాబుంది.

ఇక్కడితో ఆపేస్తే శుభం కార్డు పడుతుంది. కానీ అబద్ధమవుతుంది.

మొదటి సంగతి, 160 అన్నది చెవి దెబ్బతినకుండా పెట్టిన గీత. భయపడి పారిపోకుండా కాదు. పోర్పస్సులు సుమారు 140 దగ్గరే తప్పుకుంటాయి. ఇది గుర్తించి 2013లో జర్మన్ పర్యావరణ శాఖ ఇంకో నియమం పెట్టింది. ఒక్కో పైలు చుట్టూ 8 కిలోమీటర్ల మేర ఇబ్బంది ఉంటుందనుకుని, ఏ సమయంలోనైనా ఉత్తర సముద్రంలో తమ ఆర్థిక మండలంలో పది శాతానికి మించి అలా చెడకూడదన్నారు. మే నుంచి ఆగస్టు దాకా, పిల్లలు పుట్టే కాలంలో, ముఖ్యమైన చోట్ల ఒక్క శాతమే. ఒక్కో పెద్ద పైలుకి మొత్తం 180 నిమిషాల గడువు. అంటే ఎంత, ఎక్కడ అన్నవాటికి ఎంతసేపు, ఎంతమేర అన్నవి కలిశాయి. నా మాటడిగితే అసలు తెలివైన నియమం ఇదే.

రెండోది, ఇన్ని చేసినా 2002 నుంచి 2019 దాకా విమానాల మీంచి లెక్కపెడితే, ముఖ్యమైన జిల్ట్ దీవి బయటి నీళ్లలో పోర్పస్సులు తగ్గాయి. దక్షిణాన బోర్కుమ్ దగ్గర పెరిగాయి. చేపలు, వలలు, ఓడలు, వేడెక్కుతున్న నీళ్లు, కారణాలు ఒకటి కాదు. సుత్తి ఒక్కటే దొంగ కాదు.

హాంకాంగ్‌లో ఇంకా విచారం. బుడగల చిట్కా పుట్టిన చోట తెల్ల డాల్ఫిన్లు 2000ల మొదట్లో నూట యాభై పైన ఉన్నాయనుకుంటే, 2010ల చివరికి యాభై దగ్గరికొచ్చాయి. మకావు వంతెన వచ్చింది, మూడో రన్‌వే కోసం ఇంకా సముద్రం పూడ్చారు. ఈసారి సుత్తి వాడకుండా అడుగు మట్టిలోనే సిమెంటు కలిపే పద్ధతి వాడారు, హైస్పీడు పడవల్ని 15 నాట్లకి తగ్గించారు. శబ్దం గురించి అన్నీ బాగా చేశారు. కానీ ఇల్లే పూడ్చేశాక ఇంట్లో చప్పుడు తగ్గించి ఏం లాభం?

అయితే అంకెలు దండగా? కాదంటాను. అంకె లేకపోతే జర్మనీలో బుడగల తెర వచ్చేదే కాదు. అంకె ఉన్న చోట కనీసం ఆ ఒక్క సమస్య తీరింది, మిగతావి ఏమిటో కూడా తెలిసింది. అంకె లేని చోట ఏది తీరిందో ఏది తీరలేదో కూడా తెలీదు. 2025 జనవరిలో బ్రిటన్ ప్రభుత్వం కూడా మారింది. గాలిమరల పైళ్లు కొట్టేవాళ్లు శబ్దం తగ్గించడానికి శాయశక్తులా ప్రయత్నించినట్టు చూపించాలని చెప్పింది. సంతోషమే. కానీ ఆ శాయశక్తులా అన్న మాట చూస్తే నాకు మా టీములో స్టేటస్ రిపోర్టులు గుర్తొస్తాయి.

ఇప్పుడు మన దగ్గరికొద్దాం. 2000 నాటి మన శబ్దకాలుష్య నియమాల్లో ఒక పట్టిక ఉంది. పారిశ్రామిక ప్రాంతంలో పగలు 75, ఇళ్ల మధ్య 55, ఆస్పత్రులూ బళ్లూ ఉన్న సైలెన్స్ జోనులో 50. చక్కటి అంకెలే. కానీ అవి గాల్లో కొలిచేవి, మనిషి చెవికి తగ్గట్టు సరిచేసినవి. మనిషి చెవి 20 వేల హెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది. పోర్పస్ లక్షా ముప్ఫై వేల దగ్గర మాట్లాడుతుంది. ఆ పట్టిక తీసుకెళ్లి సముద్రంలో ముంచితే ఒక్క అంకె కూడా పనికిరాదు. డాల్ఫిన్లు మన వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, పులితో సమానంగా. కానీ ముందు చెప్పినట్టు ఆ చట్టం రాసినవాళ్ల మనసులో ఉన్నది ఉచ్చులూ తుపాకులూ, శబ్దం కాదు.

రామాయపట్నం, మచిలీపట్నం, మూలపేట, మూడు రేవుల పనులూ 2022, 23ల్లో మొదలయ్యాయి. మన దగ్గర రేవుల్లో ఎక్కువగా బోరు వేసి కాంక్రీటు పోసే పైళ్లే కాబట్టి, ఉత్తర సముద్రంలోలా ఆ భయంకరమైన సుత్తి మోత ఉండదు. అదో అదృష్టం. కానీ గుజరాత్, తమిళనాడు తీరాల్లో సముద్రపు గాలిమరల కోసం 2024 జూన్‌లో కేంద్ర క్యాబినెట్ ఆర్థిక సాయం ఆమోదించింది, చెరో 500 మెగావాట్లు. ఆ తోటలు కట్టే రోజున ఆ పెద్ద గొట్టాలూ, ఆ పెద్ద సుత్తీ రాక తప్పకపోవచ్చు. నేను గాలిమరలకి వ్యతిరేకిని కాను, రావాల్సిందే. నేననేది ఒక్కటే. సుత్తి రాకముందే అంకె రావాలి. పని మొదలయ్యాక షరతు పెడితే మా పక్క అపార్టుమెంటులా ఉంటుంది, మనం నియమం చదివేలోపు మూడో అంతస్తు లేస్తుంది.

ఆ అంకె 160 కానక్కర్లేదు. ఆ పోర్పస్ మన సముద్రానిది కాదు. మన నీళ్లు వెచ్చన, మన జీవాలు వేరు, కొలతలు మనమే తీసుకోవాలి. కానీ మొదట ఒక అంకె రాసి, ఎక్కడ నుంచుని కొలవాలో రాసి, కొలిచింది అందరికీ కనపడేలా పెడితే, దిద్దుకోడానికి ఏదో ఒకటుంటుంది. "తగు జాగ్రత్తలు తీసుకోవలెను" అని రాస్తే దిద్దడానికి కూడా ఏమీ ఉండదు.

మా పక్క అపార్టుమెంటు పూర్తయింది. మొన్న గృహప్రవేశానికి పిలిస్తే వెళ్లి భోంచేసి వచ్చాను. లోపల్నుంచి వింటే మా ఇంట్లో మిక్సీ చప్పుడు బాగానే వినపడుతోంది. ఎన్ని డెసిబెల్సో మాత్రం కొలవలేదు.